బందరు రాత్రులు

దూరదేశములు చూచి వచ్చిన సోదరీమణులు వ్రాయు యాత్రావిశేషములను నేను మిక్కిలి ఆసక్తితో చదువుచుందును. అట్టి యాత్రలు చేయు భాగ్యము నాకు కలుగలేదు. పదునాలుగేండ్ల క్రిందట కోడలినై బందరునకు వచ్చితిని. మా వారు ఇచ్చట ఉపాధ్యాయులు. నాటినుండి ఈ ఊరే నాకు కాశియు రామేశ్వరమును. కాపురమున్న ఊరిని గూర్చి యాత్రావ్యాసము వ్రాయుట వింతగా తోచవచ్చును. కాని నేను చెప్పబోవునది నాకును క్రొత్తయైన ఊరే. అది రాత్రివేళ బందరు. దానిని నేను సంవత్సరమునకు నాలుగైదు మారులకంటె ఎక్కువ చూచి యెఱుగను. మనలో పెక్కుమందికి తమ తమ ఊళ్ల రాత్రులతో ఇంతమాత్రపు పరిచయమే యుండునని తలంచెదను.

పగటి బందరును త్వరగా చెప్పి ముగింతును. విజయవాడనుండి సుమారు 70 కిలోమీటర్లు తూర్పుగా వచ్చినచో మచిలీపట్నము చేరుదుము. పూనా నగరమునుండి హైదరాబాదు మీదుగా వచ్చు జాతీయ రహదారి ఇచ్చటనే ముగియును. గోలకొండ నవాబుల కాలమున ఇది వారి ముఖ్యమైన రేవు. డచ్చివారు 17వ శతాబ్ది ఆరంభమున ఇచ్చట వర్తకస్థానము నెలకొల్పిరి. 1611లో ఆంగ్లేయులు వచ్చిరి. ఇచ్చటి అద్దకపు వస్త్రములు ఓడలెక్కి పారసీకమునకును ఐరోపాకును పోయినవి. నేడును పెడనలోను ఈ ఊరిలోను చెక్క అచ్చులతో కలంకారీ అద్దువారు కలరు. శిథిలమైన కోటను, డచ్చివారి సమాధులను ఒక పూటలో చూచి రావచ్చును. మిగిలినదంతయు ఎండ, ఉప్పుగాలి, ఎంత సున్నము వేసినను పెచ్చులూడు గోడలు. నేను వచ్చిన క్రొత్తలో ఈ గోడలను చూచి, ఇదియా చరిత్రప్రసిద్ధమైన నగరమని నిరుత్సాహపడితిని.

ఊరి చరిత్రలో ముఖ్యమైన ఘట్టములు రాత్రివేళ జరిగినవని నాకు తరువాత తెలిసినది. ఫ్రెంచివారి చేతనున్న కోటను 1759 ఏప్రిలులో కర్నల్ ఫోర్డు అనునతడు ముట్టడించి, చీకటిలో బురదనేలలు దాటి పట్టుకొనెను. సర్కారు జిల్లాల భవితవ్యము ఆ ఒక్క రాత్రితో మారినదని మా వారు పిల్లలకు పాఠము చెప్పుచుందురు. మఱొక రాత్రిని గూర్చి ముందు చెప్పెదను. అది పాఠములలో అంతగా వినబడదు.

పురుషులకు ఈ ఊరి రాత్రులు ఎప్పుడును కొదువ కాలేదు. 1902లో పుట్టిన కృష్ణాపత్రికకు ముట్నూరి కృష్ణారావుగారు సంపాదకులై యున్న దినములలో, సాయంకాలమైనంతనే ఆ కార్యాలయమున కవులు, గాయకులు, దేశభక్తులు చేరెడివారట. దానికి దర్బారని పేరు. 1945లో కృష్ణారావుగారు గతించిరి. దర్బారు కథలు మాత్రము బందరు పెద్దల నోట నేటికిని వినవచ్చును. సుమారు 25 కిలోమీటర్ల దూరమున కూచిపూడి యున్నది. ఆ భాగవతులు తెల్లవార్లు భామాకలాపము ఆడుటయు, సత్యభామ వేషము పురుషులే ధరించుటయు పూర్వాచారము. 2012లో పరమపదించిన వేదాంతం సత్యనారాయణశర్మగారి సత్యభామను చూచిన ఇల్లాండ్రు తాము జడ వేసికొనుటకు సిగ్గుపడిరని మా అత్తగారు చెప్పుదురు. ఆ ఆట చూడగలిగినవారు అదృష్టవంతులు. పిల్ల ఏడ్చినచో ఆటకు నడుమనే లేచి ఇంటికి పోవలసినది ఎవరో వేరుగ చెప్పనక్కఱలేదు.

ఇంటి స్త్రీలకు దినదినము దొరకు రాత్రి చిన్నది. దీపములు పెట్టిన పిమ్మట ఒక గంటసేపు కోనేరు సెంటరునకు పోయి వచ్చుట. మిఠాయి అంగళ్లముందు నిలిచినచో చాలును, ఊరివారందఱు కనబడుదురు. ఇచ్చటి తొక్కుడు లడ్డును గూర్చి రెండు మాటలు చెప్పక తప్పదు. శనగపిండిని పూసగా వండి, దానిని రోటిలో దంచి, జల్లించి, బెల్లపు పాకములో కలిపి, మరల నేతితో దంచి ఉండలు చేయుదురు. ఆ దంచుటనుబట్టియే దానికి తొక్కుడు లడ్డని పేరు. నోటిలో వేసికొనినంతనే కరగును, నమలవలసిన పనియే లేదు. 2017లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చినది. గోధుమపాలతో వండు నల్లని హల్వాయు ప్రసిద్ధమే గాని, లడ్డు తెచ్చిన ఇంట హల్వా రెండవ దినమువఱకు మిగులును, లడ్డు మిగులదు.

మఱొక సౌకర్యము కూడ కలదు. ఊరిని ఆనుకొనియున్న చిలకలపూడిలో రోల్డుగోల్డు నగలు చేయుదురు. తీర్థములకు పోవునపుడు మేలిమి నగలు పెట్టెలో దాచి, చిలకలపూడి గొలుసు మెడలో వేసికొని నిర్భయముగా బయలుదేరవచ్చును. దొంగ తెంపుకొనిపోయినను నష్టము వానిదే.

ఇక పండుగ రాత్రులు. దసరా తొమ్మిది రాత్రులు బందరులో శక్తిపటములు తిరుగును. కాళికాదేవి రూపమును చిత్రించిన పెద్ద పటమును ఒక పురుషుడు ధరించి డప్పుల దరువునకు అడుగు వేయును. ఎదుట మఱొకడు కాళి ముఖము పెట్టుకొని ఎగురును. పటము వీథి వీథి తిరిగి ఇండ్లముందునకు వచ్చినపుడు స్త్రీలు నీళ్లు వారపోసి హారతులిత్తురు. నేను వచ్చిన మొదటి సంవత్సరము తలుపు చాటుననుండి చూచితిని. ఆ డప్పుల మ్రోత చెవులకు కాక గుండెకు వినబడునట్లుండెను. మా పుట్టినింట దేవీభాగవతము పారాయణము చేయుచుండగా వినినదానను. మహిషాసురమర్దినిని శ్లోకములలో ఎన్నిమారులు చదివినను నా ఒడలు అట్లు ఝల్లుమని యెఱుగదు. చదువు వేఱు, డప్పు వేఱు.

విజయదశమి రాత్రి పటములన్నియు కోనేరు సెంటరునకు చేరును. దానిని చూచుటకు నాకు ఆరు సంవత్సరములు పట్టినది. మొదట చంటిపిల్ల, పిమ్మట మఱొక చంటిపిల్ల, ఆ పిమ్మట "ఆ జనములో ఆడవాళ్లకేమి పని" అను మాట. పోతనగారి దశమస్కంధమున గోపికలు రాత్రివేళ ఇండ్లు వదలి యమునాతీరమునకు పోయిన కథను ఈ మాట అన్నవారే కన్నీళ్లతో విందురు. ఏడవ సంవత్సరమున ఇరుగుపొరుగు స్త్రీలము ఎనమండుగురము కూడి, ఎవరిని అడుగక, పోయి వచ్చెదమని చెప్పి బయలుదేరితిమి. ఏమియు జరుగలేదు. జనులు త్రోవ ఇచ్చిరి. ఒక మిద్దెమెట్లమీద నిలిచి, ఒకదాని వెనుక ఒకటిగా వచ్చు పటములను అర్ధరాత్రి దాటువఱకు చూచితిమి. నాటినుండి మాకు అది ఏటేటి వాడుకయైనది.

పీర్ల పండుగ రాత్రులు కూడ ఈ ఊరిలో పెద్దవే. పీర్లు వీథిన పోవునపుడు మా ప్రక్కయింటి బామ్మగారు, మడి కట్టుకొను మనిషియే, బిందెతో నీళ్లు తెచ్చి వాని ముందు వారపోసి దండము పెట్టును. ఇదేమని అడిగినచో "మా అత్తగారు పోసేది, నేనూ పోస్తాను" అని మాత్రము చెప్పును.

ఇన్నిటిలోను ఆడువారి రాత్రి యని చెప్పదగినది కార్తిక పూర్ణిమ రాత్రియే. చిలకలపూడిలో పాండురంగస్వామివారి ఆలయము కలదు. నరసింహముగారను భక్తుడు పండరిపురమందలి స్వామిని కొలిచి, 1929లో దీనిని కట్టించెను. స్వామి పాదములను మన చేతులతో తాకి మ్రొక్కుటకు ఇచ్చట అనుమతి కలదు. పూర్ణిమకు కొన్ని దినములు ముందునుండియే ఉత్సవములు జరుగును. పూర్ణిమ వేకువజామున ఊరికి సుమారు 11 కిలోమీటర్ల దూరమున నున్న మంగినపూడి తీరమున సముద్రస్నానము చేసి, పాండురంగని దర్శించుట ఆచారము. ఎక్కడెక్కడి పల్లెలనుండియో స్త్రీలు ముందునాటి సాయంకాలమే మూటలతో వచ్చి గుడి పరిసరములలో రాత్రి గడుపుదురు. సముద్రమును పర్వదినములందు తప్ప తాకరాదని పెద్దలు చెప్పుదురు గనుక, ఈ ప్రాంతపు ఇల్లాండ్రకు ఏడాదికి ఒక్క సముద్రపు రాత్రి.

పదునాలుగు సంవత్సరములలో మా అత్తగారు ఒక్కమారును ఆ స్నానమునకు రాలేదు. పండుగ కానినాడు పిలిచినచో "పర్వము కాదు, తాకరాదు" అనెడివారు. పర్వమునాడు పిలిచినచో మోకాళ్ల నొప్పులు. నూతియొద్ద స్నానము చేసి తులసికోట ముందు దీపము పెట్టి ఊరకుండెడివారు. ఆమె పుట్టినిల్లు దివిసీమలో సముద్రమునకు చేరువనున్న పల్లె యని యెఱుగుదును గాని, రెంటిని కలిపి ఆలోచింపలేదు. కోడండ్రము అత్తల మోకాళ్లను గూర్చి అంతగా ఆలోచింపము.

ఇచ్చట ఇందాక చెప్పక విడిచిన రాత్రిని చెప్పవలెను. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి గాలివానతో సముద్రము పొంగి బందరుపై పడినది. నిదురించుచున్న ఊరు నిదురించుచున్నట్లే మునిగినది. ఈ ఊరిలోను చుట్టుప్రక్కలను కలిపి సుమారు 30,000 మంది మరణించిరని లెక్క. రేవు మరల మునుపటి వైభవమునకు రాలేదు. తరువాత 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినది. అందు 10,000కు పైగా ప్రాణములు పోయినవి. ఊళ్లకు ఊళ్లే తుడిచికొనిపోయినవి. పంచాంగము లెక్కించి చూచినచో రెండును కార్తికమాసములోనివే. మొదటిది అమావాస్య వెళ్లిన వెంటనే, రెండవది పూర్ణిమకు ఇంక వారము కూడ లేదనగా. బంగాళాఖాతమున గాలివానలు ముదురు కాలమును మనము దీపములు వెలిగించు మాసమును ఒక్కటే.

క్రిందటి కార్తికమున, పూర్ణిమకు రెండు దినములు ముందు, అత్తగారు ఒత్తులు చేయుచు, తల యెత్తకయే "ఈసారి నేనూ వస్తాను" అనిరి. నేను ఆశ్చర్యము కనబడనీయక, "మోకాళ్లకు నొప్పి చేయదా అత్తయ్యగారూ?" అంటిని. "చేస్తే చేసింది. డెబ్భై దాటాయి. ఇంకెప్పుడు?" అని, మఱికొంత సేపటికి చెప్పిరి.

ఆమెకు ఒక తమ్ముడు. 1977లో పండ్రెండేండ్లవాడు. ఆ సంవత్సరము కార్తిక పూర్ణిమకు బందరునకు వచ్చి అక్కతో సముద్రస్నానము చేసి, తిరునాళ్లలో రంగులరాట్నమెక్కి, తొక్కుడు లడ్డు కొనిపించుకొని పోవలెనని వాని ఏర్పాటు. ఉత్తరము కూడ వ్రాసినాడట, లడ్డు ఎన్ని కావలెనో లెక్కతో సహా. 19వ తేదీ రాత్రి బందరులో గాలి తలుపులను పెరుకుచుండగా ఆమె ఆ తలుపులకు రోకలి అడ్డు పెట్టి కూర్చుండినది. వార్త వచ్చునప్పటికి పూర్ణిమ వెళ్లిపోయినది. పిల్లవాడు దొరకలేదు.

"వాడిని తీసుకెళ్లిన నీళ్లలో నేనెట్లా మునిగేది, అమ్మాయీ?" అనిరి. నాకు జవాబు తోచలేదు. ఒత్తులు చేయుట పూర్తి చేసితిమి.

పూర్ణిమ ముందురాత్రి భోజనములైన పిమ్మట చిలకలపూడి చేరితిమి. విద్యుద్దీపములతో గుడిదారి పగలువలె నుండెను. మరమరములు, ఖర్జూరములు, గాజులు, ప్లాస్టిక్కు బొమ్మలు. ప్రక్కనే ఆకాశమున తిరుగు రంగులరాట్నము. అత్తగారు దానివంక ఒకమారు చూచి మొగము త్రిప్పుకొనిరి. గుడి ఆవరణమున ఎక్కడ చూచినను స్త్రీలే. కొందఱు మూటలు తలక్రింద పెట్టుకొని పరుండిరి. కొందఱు తాళములతో భజన చేయుచుండిరి. మా ప్రక్కన ఒక బాలెంత పిల్లకు పాలిచ్చుచు భజనకు గొంతు కలుపుచుండెను. మగవారు లేరని కాదు, ఉన్నారు, కాని ఆ రాత్రి వారే మూటలకు కావలియుండి, "ఎప్పుడు బయలుదేరుదాము" అని ఆడువారిని అడుగుచుండిరి. మా వారును అందొకరు.

రెండు గంటలు దాటిన పిమ్మట ఆటోలో మంగినపూడికి బయలుదేరితిమి. దారి పొడవునను జనమే. నడచుచున్నవారు, ట్రాక్టరులలో నిలుచుండి పాడుచున్నవారు, పిల్లలను భుజములపై మోయుచున్నవారు. ఉప్పువాసన తగిలినది మొదలు అత్తగారు నా ముంజేయి పట్టుకొనిరి, మరల విడువలేదు.

మంగినపూడి తీరమున సముద్రము లోతు తక్కువ. చాల దూరము నడచినను మోకాలిబంటి నీరే యుండును. అడుగున నల్లని మెత్తని మన్ను. పడవలలో జాలరులు కావలి కాయుచుండిరి. ఎవరును దూరము పోవలదని మైకులో చెప్పుచుండిరి. స్నానము చేసిన స్త్రీలు తడిబట్టలు మార్చుకొనుటకు తగినన్ని మరుగులు మాత్రము కనబడలేదు. నలుగురు నాలుగు చీరలు పట్టి గోడలుగా నిలువగా నడుమ ఒకరు మార్చుకొనుట, మరల వంతు మార్చుట. మాకు పరిచయము లేని పల్లెటూరి స్త్రీలు పిలువకయే వచ్చి మా అత్తగారికి అట్లు చీర పట్టిరి. ఇంతమంది స్త్రీలు వచ్చు ఒక్క రాత్రికి నాలుగు తడికలు అదనముగా కట్టుట ఎవరికి భారమో నాకు తెలియదు.

తూర్పున ఇంకను చీకటి. చంద్రుడు మా వెనుక ఊరివైపునకు దిగుచుండెను. మా నీడలే మాకంటె ముందుగా నీళ్లలోనికి పోయినవి. నేనును పిల్లలును మునిగి వచ్చితిమి. అత్తగారు తడియిసుకపై నిలిచియే యుండిరి. అలలు పాదములవఱకు వచ్చి పోవుచుండెను. వచ్చినప్పుడెల్ల ఒక అడుగు వెనుకకు వేయుచుండిరి. "రండి" అని నేను పిలువలేదు. మా చిన్నది, దానికి తొమ్మిదేండ్లు, సంగతి యేమియు తెలియనిదై, "నానమ్మా, చల్లగా లేదు, నిజంగా" అని వచ్చి చేయి పట్టుకొని లాగినది. ఆమె పోయిరి. మోకాలిబంటి నీటిలో కూర్చుండి, ఒక అల తలమీదుగా పోనిచ్చిరి. లేచునపుడు ఏదో అనిరి గాని అలల చప్పుడులో నాకు వినబడలేదు. సంకల్పము కాదు, ఎవరినో పేరుపెట్టి కోపగించుకొనునట్లుండెను.

పిమ్మట అరటిదొప్పలో దీపము పెట్టి వదలితిమి. చెరువులో వదలిన దీపము సాగిపోవును. సముద్రము మన దీపమును ఒప్పుకొనదు. మొదటి అలతోడనే త్రిప్పికొట్టును. మా దీపము మూడుమారులు ఆరిపోయి మా కాళ్లయొద్దకే వచ్చినది. చుట్టుప్రక్కల అందఱి గతియు అదియే. ఆరిన దొప్పలు ఒడ్డున వరుసగా పడియుండెను. అయినను ఎవరును మానలేదు. అత్తగారు నాలుగవమారు వెలిగించి, నీళ్లలో వదలక, ఇసుకలో చిన్న గొయ్యి తీసి అందుంచి, చేతులడ్డుపెట్టి, నూనె అయిపోవువఱకు కూర్చుండిరి. అంతలో తూర్పు ఎఱ్ఱబడినది. ఆడువారు ఒక్కమారుగా సూర్యునికి చేతులెత్తిరి. ఎన్ని వేల గాజులు ఒక్కసారిగా మ్రోగినవో చెప్పజాలను.

తిరిగి చిలకలపూడిలో స్వామి పాదములు తాకుటకు మూడు గంటలు వరుసలో నిలువవలసివచ్చెను. అత్తగారు మోకాళ్ల మాట ఎత్తలేదు. ఎత్తినది నేను, నా కాళ్లు పీకుచుండెను.

ఇంటికి పోవుదారిలో కోనేరు సెంటరు దగ్గఱ ఆటో ఆపించి, అత్తగారే దిగి, అరకిలో తొక్కుడు లడ్డు కొనిరి. ఇల్లు చేరిన వెంటనే, తడిబట్టలైనను ఆరవేయకముందు, ఆ పొట్లము విప్పి, ఒక ఉండను అరటియాకు ముక్కలో పెట్టి పెరటిగోడపై ఉంచి వచ్చిరి. కొంతసేపటికి కాకి వచ్చి ఎత్తుకొనిపోయెను. మిగిలినవి పిల్లలు లెక్కపెట్టి పంచుకొనిరి. ఒకటి తక్కువైనదని చిన్నది పేచీ పెట్టగా, "అది మీ తాతయ్య తిన్నాడు, చిన్న తాతయ్య" అని చెప్పి, అత్తగారు బావియొద్దకు కాళ్లు కడుగుకొనుటకు పోయిరి.